పద్దెనిమిది నల్ల తీగలు

మా గుడివాడ నుంచి వేములవాడ మొక్కు తీర్చుకోవడానికి వెళ్లినవాళ్లున్నారు, కొండగట్టు అంజన్నను చూసొచ్చినవాళ్లున్నారు. కారు రిపేరుకని జగిత్యాల దాకా వెళ్లినదాన్ని మాత్రం నాకు తెలిసి నేనొక్కదాన్నే. "గుడివాడలో మెకానిక్కులే లేరా అక్కా?" అని మా తమ్ముడు అడిగాడు. ఉన్నారు, ఆరుగురు చూశారు, అందుకే వెళ్తున్నానన్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. నాకు ఎడమకాలు పోలియో. మోకాలి పైదాకా ఇనప కడ్డీల బూటు వేసుకుంటేగానీ నిలబడలేను. కారులో క్లచ్ ఎడమకాలితోనే తొక్కాలి గనక, పదకొండేళ్ల కిందట హైదరాబాదులో ఉద్యోగం చేసేటప్పుడు ఈ కారుకు గేరు రాడ్డు మీద ఒక బటన్ పెట్టించుకున్నాను. దాన్ని బొటనవేలితో నొక్కితే లోపలున్న ఒక కరెంటు పరికరం క్లచ్‌ను లాగుతుంది, వదిలితే వదిలేస్తుంది. కారు వయసు ఇరవై రెండేళ్లు. క్లచ్ అక్కర్లేని కార్లు ఇప్పుడు బోలెడు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. వాటిని కొనే స్తోమతే నాకింకా రాలేదు.

నేను ఫిజిక్స్ టీచర్ని. మా హైస్కూలు గుడివాడకు పందొమ్మిది కిలోమీటర్ల అవతల ఒక పల్లెలో ఉంది. బస్సు మెట్లు నేను ఎక్కలేను. ఇంకా మూడేళ్ల సర్వీసు మిగిలుంది. అంటే ఈ కారు తిరిగితేనే నేను తిరుగుతాను.

పోయిన చలికాలం నుంచి దానికి పిచ్చి పట్టింది. ఎడమ ఇండికేటర్ వేస్తే హారన్ గొంతు బొంగురుపోతుంది. హెడ్‌లైట్లు వేస్తే ఫ్యాను నీరసపడుతుంది. ఇవి చెప్పుకుని నవ్వుకునే సంగతులు. నవ్వురానిది ఏమిటంటే, ఒక్కోసారి బటన్ నొక్కినా క్లచ్ పడదు. ఫిబ్రవరిలో ఒకరోజు బడి గేటు దగ్గర మలుపు తిరుగుతూ ఇండికేటర్ వేసి బటన్ నొక్కాను. క్లచ్ పడలేదు. నేను తేరుకుని బ్రేకు తొక్కేలోపు కారు సైకిల్ స్టాండులో దూరి తొమ్మిది సైకిళ్లను పడగొట్టింది. అక్కడ పిల్లలెవరూ లేరు గనక బతికిపోయాను. "మేడమ్‌కి ఇక డ్రైవింగ్ కష్టమండీ" అని స్టాఫ్‌రూములో అనుకోవడం నా చెవిన పడింది. ఆ సాయంత్రమే మా తమ్ముడు కారు తాళం తీసుకెళ్లి వాళ్ల బీరువాలో పెట్టాడు.

ఆ తాళం తిరిగి తెచ్చుకోవడానికి వాడితో ఒక ఒప్పందానికి రావాల్సి వచ్చింది. వేసవి సెలవుల్లో ఆఖరి ప్రయత్నం చేస్తాను. బాగైందా సరే. కాలేదా, తిరిగి రాగానే కారును పాత ఇనుము కొనే ఆయనకు ఇచ్చేసి, ఇకమీదట ఎవరో ఒకరి బండి వెనకాల, వాళ్లకు తీరికైనప్పుడు ఎక్కి వెళ్తాను. ఈ మాటలు చెప్పేటప్పుడు వాడి గొంతులో ప్రేమే ఉంది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

చూసిన ఆరుగురూ చివరికి ఒకటే మాటన్నారు, ఈ వైరింగ్ ఎవరు కట్టారో వాళ్లే చూడాలని. కట్టినాయన పేరు రాజేశం. ఫోన్ చేస్తే ఆ నంబరు ఇప్పుడు వేరెవరిదో. పాత బిల్లు వెనక అతను రాసిచ్చిన జగిత్యాల అడ్రసు ఒక్కటే నా చేతిలో ఉంది.

చేయి బయటపెట్టి

తాళం తిరిగొచ్చాక మూడు నెలలపాటు కారు ఎప్పుడు ఏ తిక్క చేసిందో నోటుబుక్కులో రాసుకున్నాను. లైట్లు, ఇండికేటర్, ఫ్యాను ఏవీ వేయకపోతే క్లచ్ దాదాపు ఎప్పుడూ పడుతోంది. అందుకని జగిత్యాల ప్రయాణమంతా పగటిపూట మాత్రమే, ఫ్యాను లేకుండా, ఇండికేటర్ ముట్టుకోకుండా, మలుపు వచ్చినప్పుడల్లా కిటికీలోంచి చేయి బయటపెట్టి నడిపాను. మే నెల ఎండలో ఇది ఎలా ఉంటుందో ఊహించుకోండి. కరీంనగర్ దాటాక ఒక లారీ డ్రైవరు పక్కకొచ్చి, "ఏందమ్మా, సైకిల్ అనుకుంటున్నవా?" అని అరిచి వెళ్లాడు. చెయ్యి ఊపాను. ఏం చెప్పను?

మొదటిరోజు వరంగల్లో ఆగి, రెండోరోజు మధ్యాహ్నానికి జగిత్యాల చేరాను. ఊరి బయట మామిడికాయల ట్రాక్టర్లు రోడ్డు పట్టకుండా ఉన్నాయి. మా వైపు నూజివీడు రసాలు తిని పెరిగినదాన్ని, వేరే ఊరి మామిడిపండు అంత తేలిగ్గా మెచ్చుకోను. ఇక్కడివాళ్లు బంగినపల్లిని బేనిషాన్ అంటారు. ఒకాయన కోసిచ్చిన ముక్క తిని ఇంకో ముక్క అడిగాను. మా ఊళ్లో ఈ సంగతి చెప్పకండి.

జగిత్యాల: ఉస్తాద్ మర్యాద

బిల్లు వెనకున్న అడ్రసు గడియారం టవర్ దగ్గరి ఒక సందులోది. అక్కడ ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్మే దుకాణముంది. పక్కన చాయ్ పోస్తున్నాయన మాత్రం రాజేశం పేరు వినగానే, "యూసుఫ్ భాయ్ కాడ పని నేర్చిండు గాయ్న. గా సందు తిరుగుండ్రి, పాత కారు సీటు మీద కూసున్న ముసలాయన కనవడ్తడు" అన్నాడు.

యూసుఫ్ భాయ్ నిజంగానే నేల మీద పెట్టిన పాత కారు సీటులో కూర్చుని ఉన్నారు. డెబ్బై దాటి ఉంటాయి. కళ్లజోడుకు ఒక కొమ్మ బదులు రాగి తీగ ఉంది. నేను చెప్పిందంతా విని ప్రశ్నలు మొదలుపెట్టారు.

"బ్యాటరీ ఎన్నిసార్లు మార్చిన్రు?"

"రెండుసార్లు."

"డైనమో?"

"ఒకసారి."

"గేరు మీది స్విచ్చి?"

"మూడుసార్లు."

"అంటె దుకాణాలన్నిటిని బతికిచ్చిన్రు, బండిని తప్ప" అని లేచారు.

మీటరు తెచ్చి బ్యాటరీ చూశారు, డైనమో చూశారు, బ్యాటరీ నుంచి బాడీ ఇనుముకు వెళ్లే లావు తీగ చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత నన్ను పక్కన నిలబెట్టి చెప్పిన మాట నేను జన్మలో మర్చిపోను.

"కరెంటు పోయే తొవ్వ అందరు సూస్తరు మేడం. మర్ల అచ్చే తొవ్వ ఎవ్వలు సూడరు. మీ ఇండికేటర్ కరెంటుకు మర్ల పోయేటందుకు తొవ్వ దొరుకుత లేదు. గందుకె హారన్‌ల కెళ్లి, క్లచ్‌ల కెళ్లి దూరుతున్నది. ఏడనో అందరి తొవ్వ ఒక్కకాడ కలుస్తది. గాడనే ఖరాబైంది."

మర్ల అచ్చే తొవ్వంటే తిరిగొచ్చే దారి. ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు వలయం పూర్తికాకపోతే విద్యుత్తు ప్రవహించదని నల్లబల్ల మీద బొమ్మ వేసి మరీ చెబుతున్నాను. నా కారుకు వచ్చేసరికి ఆ బొమ్మలో సగమే గుర్తుపెట్టుకున్నాను. సిగ్గేసింది, చెప్పడానికేం.

అప్పుడాయన గేరు పక్కనున్న ప్లాస్టిక్ మూత విప్పారు. లోపల తీగలన్నీ ఒకదాని పక్కన ఒకటి చాపలా పరిచి, వేలెడు దూరానికో కట్టు చొప్పున దారంతో కట్టి ఉన్నాయి. చూడముచ్చటైన పని. మా గుడివాడ వాళ్లు కూడా ఇది విప్పి చూసి, ఇంత శుభ్రంగా కట్టినదాంట్లో తప్పుండదని మూసేశారు. వచ్చిన చిక్కల్లా, పద్దెనిమిది తీగలూ నల్లవే. ఏది హారనో, ఏది క్లచ్చో, ఏది తిరిగొచ్చే తీగో బ్రహ్మకు కూడా తెలియదు.

యూసుఫ్ భాయ్ కళ్లజోడు తీసి నవ్వారు. "గిది మా రాజేశం చెయ్యి. సాంచల ఇంట్ల పుట్టినోడు గదా." సాంచలంటే మరమగ్గాలని ఆయనే చెప్పారు. మగ్గం మీద పడుగు పోగులన్నీ ఒకే రంగువి. ఏ పోగు ఏదో దాని వరసను బట్టే తెలుస్తుంది. రాజేశం కారు తీగలు కూడా అలాగే కట్టాడు. రంగులెందుకు, లెక్క వస్తే చాలదా అనేవాడట.

"మరి మీరు విప్పండి భాయ్" అన్నాను ఆశగా.

ఆయన తల అడ్డంగా ఊపారు. "శాగిర్దు కట్టింది వాడు లేనప్పుడు ఉస్తాద్ విప్పద్దు. వాని ఇజ్జత్ తీసినట్టయితది. మా ఉస్తాద్ నా కట్టు ఎన్నడు విప్పలే, నన్నే పిలిచి విప్పిచ్చిండు. కోరుట్లల వాని చెల్లె ఉన్నది, పోయి అడుగుండ్రి."

శిష్యుడి పరువు కోసం నన్ను తిప్పి పంపుతున్నారని నాకు కోపం వచ్చింది. నాలుగు వందల యాభై కిలోమీటర్లు చేయి బయటపెట్టి వచ్చినదాన్ని, మీ మర్యాదలు నాకెందుకు అనబోయాను. ఆయన అప్పటికే లోపలికి వెళ్లి పేపరులో చుట్టిన చిన్న పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టారు. "వాడు టేపు విప్పినంక ఇయ్యుండ్రి. ముందుగాల ఇయ్యకుండ్రి. ఏం అనకుండ్రి కూడ." చూసినందుకు ఏమివ్వాలంటే చాయ్ తాగి వెళ్లమన్నారు.

కోరుట్ల: పెళ్లి బ్యాండు, పచ్చి పులుసు

మర్నాడు శనివారం. కోరుట్ల బజారులోకి వచ్చేసరికి ఎదురుగా పెళ్లి ఊరేగింపు. పక్కకు తప్పుకుందామని, ఖర్మకాలి, అలవాటు కొద్దీ ఇండికేటర్ వేశాను. క్లచ్ పడలేదు. కారు ఒక్క గెంతు గెంతి ఊరేగింపు మధ్యలో ఆగిపోయింది. పెళ్లికొడుకు గుర్రం మీద నుంచి నన్ను అదోలా చూశాడు. బ్యాండు వాళ్లలో నలుగురు వచ్చి, పొట్ట మీద డోళ్లు అలాగే ఉండగా కారును తోశారు. బాకా ఊదే ఆయన ఊదడం మాత్రం ఆపలేదు. నన్నూ ఊరేగించినట్టే అయింది.

రాజేశం చెల్లెలు సుజాత ఇంటి వరండాలో నలుగురు ఆడవాళ్లు చాటల్లో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మాట్లాడుతున్నా, నవ్వుతున్నా, నాకేసి చూస్తున్నా వేళ్లు ఆగవు. విషయం చెప్పగానే సుజాత చాట పక్కన పెట్టింది.

"మా అన్న ఈడ లేడక్కా. కరోనాల పట్నం ఇడ్సిపెట్టి అచ్చి మా ఇంటాయన దుకాణంల ఏడాది చేసిండు. రంగు తీగెలు ఎయ్యి బావా అని మా ఇంటాయనంటె మా అన్న ఇనడు. గిరాకోళ్లు పరేషాన్ అయితున్నరని మా ఇంటాయన, లెక్క రానోళ్లకు రంగులు గావాలె అని మా అన్న. ఇద్దరికి మాట మాట పెరిగింది. ఇప్పుడు సిరిసిల్లల సాంచల మోటర్లు బాగు చేస్తున్నడు."

అడ్రసు తీసుకుని లేవబోతే లేవనివ్వలేదు. "అన్నం ఏళకు అచ్చి తినకుంట పోతవా?" అని జొన్నరొట్టె, మామిడికాయ తొక్కు, అన్నంలోకి పచ్చి పులుసు పెట్టింది. మా వైపు పులుసంటే పొయ్యి మీద కుతకుతలాడాల్సిందే. ఇది చల్లగా, పచ్చి ఉల్లిపాయల కరకరతో, ఆ ఎండలో ప్రాణం లేచొచ్చేలా ఉంది. ఎంతసేపు కాచావని అడిగాను. నలుగురూ ఒకేసారి నవ్వారు. "కాగబెడ్తె పచ్చి పులుసు ఎట్లయితది అక్కా?"

కారు దాకా వచ్చి సుజాత నా చెయ్యి పట్టుకుంది. "మా అన్నను జర నిమ్మలంగ అడుగక్కా. మంచోడె, కని తప్పంటె ఒప్పుకోడు." నిమ్మళం నా దగ్గరా లేదని ఆమెకు చెప్పలేదు.

రుద్రంగి దారిలో

కోరుట్ల నుంచి కథలాపూర్ మీదుగా రుద్రంగి దాటాక గుట్టల మధ్య రోడ్డు ఎత్తెక్కుతుంది. ఆ ఎత్తు మీద, ఏ స్విచ్చీ వేయకుండానే, క్లచ్ పడటం మానేసింది. కారును అంచుకు జరిపి ఆపాను. ఇంజను వేడికి లోపల పొయ్యిలా ఉంది. వేపచెట్టు నీడ ఇరవై గజాల దూరంలో ఉంటే, అక్కడికి నడవడానికి నా బూటుతో చాలాసేపు పట్టింది.

అప్పుడు మాత్రం భయమేసింది. సైకిల్ స్టాండు గుర్తొచ్చింది. స్టాఫ్‌రూములో మాటలు గుర్తొచ్చాయి. ఫోన్ తీసి తమ్ముడి నంబరు మీద వేలు పెట్టాను. ఒక్క మాట చెబితే చాలు, వాడు వచ్చి నన్ను తీసుకెళ్తాడు. ఆ తర్వాత జీవితమంతా తీసుకెళ్తూనే ఉంటాడు.

మేకలు కాసుకుంటున్న ఒక ముసలామె వచ్చి పక్కన కూలబడి, తన సీసాలోంచి అంబలి పోసిచ్చింది. జొన్నపిండి, మజ్జిగ, ఉప్పు. "ఎవ్వలన్న అచ్చేదున్నదా బిడ్డా?" అని అడిగింది.

"ఎవరూ రారమ్మా. కారు చల్లబడితే నేనే పోతాను."

"గట్లనె కూసో మరి. సల్లబడ్తది."

ఆమె అన్నంత తేలిగ్గానే గంటకు చల్లబడింది. బటన్ నొక్కితే క్లచ్ పడింది. "పైలం బిడ్డా" అని జాగ్రత్త చెప్పి ఆమె మేకల వెనక వెళ్లిపోయింది. ఫోన్ సంచిలో పెట్టేశాను.

సిరిసిల్ల: "నా అతుకు ఊడది"

సిరిసిల్లను ముందు వింటాం, తర్వాత చూస్తాం. వీధి వీధికీ రేకుల షెడ్లలో సాంచలు టకటకమంటూనే ఉంటాయి. మనిషి చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడాలి. రాజేశం అలాంటి ఒక షెడ్డులో మోటారు విప్పుకుని కూర్చున్నాడు. యాభైకి దగ్గర్లో, సన్నగా, వేళ్లు పొడుగ్గా ఉన్న మనిషి. నన్ను గుర్తుపట్టి సంతోషంగా లేచాడు. వచ్చిన పని చెప్పగానే ఆ సంతోషం ఆరిపోయింది.

"మీ బండి యాదున్నది మేడమ్. తెల్ల బండి. కని నా అతుకు ఊడది. సాంచల మీద వేల పోగులు అతికిన చెయ్యి ఇది."

"మీ ఉస్తాద్ మీటరు పెట్టి చూశారు. తిరిగొచ్చే తీగలు కలిసే చోటే తప్పుందన్నారు."

"ఉస్తాద్ మీటర్ల సెల్లు వీకై ఉంటది."

"మరి మా బడిలో తొమ్మిది సైకిళ్లను ఎవరు పడగొట్టారు? మీటర్లో సెల్లా?" అని నేను అరిచాను. సాంచల చప్పుడులో నా అరుపు ఎవరికీ ప్రత్యేకంగా వినపడలేదు. అతను మాత్రం విన్నాడు, మోటారు వైపు తిరిగి పనిలో పడ్డాడు. సుజాత చెప్పిన నిమ్మళం నా వల్ల కాలేదు. పొట్లం నా సంచిలోనే ఉండిపోయింది.

ఆదివారం పొద్దున

మర్నాడు ఏడింటికల్లా కారు తీసుకెళ్లి ఆ షెడ్డు గేటుకు అడ్డంగా ఆపి, అద్దం దించి కూర్చున్నాను. కాసేపటికి నూలు చుట్టిన పెద్ద బీములతో ట్రాలీ ఆటో వచ్చి నిలబడింది. రాజేశం బయటికొచ్చాడు.

"బండి తియ్యుండ్రి మేడమ్. బీములు లోపటికి పోవాలె."

"తీయాలంటే క్లచ్ పడాలి. పడటం లేదు."

ట్రాలీ ఆయన నవ్వాడు. రాజేశం నవ్వలేదు. అదే షెడ్డులో కొత్త బీము వేసినప్పుడల్లా పాత పోగులకు కొత్త పోగులు అతికే పని అతని భార్య పద్మది. ఆమె కూడా బయటికొచ్చి కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా బూటు వైపు, మొగుడి వైపు చూసింది. "గంత దూరంకెళ్లి అచ్చింది గదా. ఒక్కపారి సూస్తె నీ సొమ్మేం బోతది?"

అతను లోపలికి వంగి ప్లాస్టిక్ మూత తీశాడు. తీగల మీద వేళ్లు పెట్టి, చూడకుండానే, ఎడమ నుంచి లెక్కపెట్టుకుంటూ పోయాడు. "ఒకటి హారన్. రెండు, మూడు ఇండికేటర్లు. అయిదు క్లచ్. పద్నాలుగు కెళ్లి పద్దెనిమిది దాంక మర్ల అచ్చేటివి." పదకొండేళ్ల తర్వాత కూడా ఒక్కటి తడబడలేదు. ఎంత కోపమున్నా, ఆ వేళ్లు చూసి ముచ్చటేసింది.

"ఒక ప్రయోగం చేద్దాం" అన్నాను, తరగతిలో అన్నట్టే. "ఆ అయిదూ కలిసే చోట టేపులోకి ఒక విడి తీగ కొస దూర్చి, రెండో కొస బాడీ ఇనుముకు ఆనించండి."

ఆనించాడు. నేను ఇండికేటర్ వేసి, హారన్ మోగించి, బటన్ నొక్కాను. హారన్ ఖంగున మోగింది. క్లచ్ టక్కున పడింది.

"ఇప్పుడు తీసేయండి."

తీశాడు. హారన్ మూలిగింది. బటన్ నొక్కితే ఏమీ లేదు.

మళ్లీ ఆనించమన్నాను. మళ్లీ తీయమన్నాను. అలా నాలుగుసార్లు చేయించాను. ఒకసారి చాలని నాకు తెలుసు. అయిదోసారి అతనే ఆపి, టేపు విప్పాడు. అయిదు తీగల కొసలు కలిపి, మెలిపెట్టి, సాఫీగా వేళ్లతో నులిమి ఉన్నాయి. రాగి నల్లబడి, మధ్యలో పచ్చగా చిలుమెక్కి ఉంది. అతను ముట్టుకోగానే రెండు తీగలు విడిపోయి చేతికొచ్చాయి.

పద్మ వంగి చూసింది. "గిది దారం అతుకు గదా. దారమైతె గంజి పట్టుకుంటది. తీగెను ఏం బట్టుకుంటది?"

అప్పుడు సంచిలోంచి పొట్లం తీసిచ్చాను. ఏమీ అనలేదు. రాజేశం పేపరు విప్పాడు. లోపల చుట్టగా చుట్టిన, కరిగించి అతుకు మీద పోసే సోల్డరింగ్ తీగ, తీగలు అతికేముందు రాసే పేస్టు డబ్బా. తీగ కొసను వేళ్ల మధ్య తిప్పాడు.

"అతికినంక మీద సోల్డర్ పోయాలెరా అని రోజు చెప్పేటోడు మా ఉస్తాద్" అన్నాడు. "నా చేతికి గది అక్కరలేదనుకున్న. సాంచల మీద నా అతుకు ఎన్నడు ఊడలే మేడమ్." పొట్లం కళ్లకద్దుకున్నాడు. నా కోపం అక్కడితో పోయింది.

కొసలు కోసి, రాగి మెరిసేదాకా గీకి, మళ్లీ మెలిపెట్టి, సోల్డర్ పోసి, అక్కడి నుంచి కొత్త తీగ ఒకటి తీసి బోల్టుతో బాడీకి బిగించాడు. గంట పట్టింది. ఈలోగా పద్దెనిమిది తీగల వరస అతని చేత చెప్పించి నా నోటుబుక్కులో రాసుకున్నాను. తర్వాత లైట్లు, ఫ్యాను, ఇండికేటర్ అన్నీ ఒకేసారి వేసి, తమ్ముడికి ఫోన్ చేసి, మాట్లాడకుండా హారన్ వినిపించాను. వాడు "ఇనుమాయన్ని రావద్దని చెబుతాలే అక్కా" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. షెడ్డు ముందే, అందరి ఎదుటే.

ఇక బయల్దేరదామని చూస్తే రాజేశం గేటు పక్కన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ముఖం పాలిపోయింది.

"గిసొంటి బండ్లు ఇంక పది కట్టిన మేడమ్. అన్ని మీ అసొంటోళ్లయె. అన్ని గిదే అతుకు."

నంబర్లు కూడా అతనికి వరసలోనే గుర్తున్నాయి. మొదటిది మోగలేదు. రెండో ఆయన కారు ఎప్పుడో అమ్మేశాడు. మూడో నంబరు ఎల్లంతకుంటలో నరేందర్ అనే ఆయనది. రాజేశం కారు ఎలా ఉందని అడిగాడు. అవతలి గొంతు నాక్కూడా వినిపించింది. "బండా? నడుపక ఎనిమిది నెలలాయె రాజేశం."

రాజేశం నా వైపు చూశాడు. పద్మ, "పో. ఈడ నేను సూసుకుంట" అంది. నేను పక్క సీటు మీది నోటుబుక్కు తీసి వెనక పడేశాను. "ఎక్కు" అన్నాను.

ఎల్లంతకుంట

దారిలో ప్రతి మలుపుకూ ఇండికేటర్ వేశాను. మలుపు లేని చోట కూడా రెండుసార్లు వేశాను.

నరేందర్‌కు నలభై ఉంటాయి. రెండు కాళ్లకూ బలం లేదు, చంకకర్రల మీద వాకిట్లోకి వచ్చాడు. సిరిసిల్లలో విత్తనాల దుకాణముంది. బ్రేకూ యాక్సిలరేటరూ కూడా చేతికే పెట్టించుకుని ఏళ్ల తరబడి రోజూ తనే నడుపుకుంటూ వెళ్లొచ్చేవాడు. ఇప్పుడు తమ్ముడు బైకు మీద దించి, తీసుకొస్తున్నాడు. కారు గోడ పక్కన టార్పాలిన్ కింద ఉంది. టార్పాలిన్ లాగితే కింది నుంచి రెండు కోళ్లు బయటికి పరిగెత్తాయి. వచ్చే ఏడాది ఈపాటికి మా వాకిట్లో నేను చూడాల్సిన దృశ్యమే అది.

రాజేశం తిన్నగా అతని ముందుకెళ్లి నిలబడ్డాడు. "తప్పు నాదే అన్నా. తీగెల అతుకు నేను తప్పు కట్టిన. గందుకె నీ క్లచ్ పడకపోయేది."

నరేందర్ చంకకర్రలను ఒక అడుగు ముందుకేశాడు. తిడతాడనుకున్నాను. తిట్టాలి కూడా.

"బండి తప్పా?" అన్నాడు. "నేను రెండుసార్లు గోడకు గుద్దిన. అందరు నాకే శాతనైత లేదన్నరు. నేను సుత గట్లనె అనుకున్న."

నేను నా సైకిల్ స్టాండు కథ చెప్పాను. అతను తొమ్మిది సైకిళ్ల దగ్గర నవ్వాడు, తర్వాత ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

రాజేశం ఈసారి వేళ్లతో లెక్కపెట్టి, తిన్నగా టేపు విప్పి, ఆ నల్లబడ్డ ముడిని కోసి నరేందర్ చేతిలో పెట్టి మరీ చూపించాడు. సోల్డర్ పోశాడు, కొత్త తీగ బిగించాడు. ఎనిమిది నెలలు కదలని బ్యాటరీ చచ్చిపోయి ఉంది. నా కారును దాని పక్కకు తెచ్చి, రెండు లావు తీగలతో నా బ్యాటరీని దానికి కలిపాం. పంక్చర్ షాపు ఆయన వచ్చి టైర్లలో గాలి కొట్టి వెళ్లాడు. నరేందర్ చంకకర్రలు వెనక సీట్లో వేసి లోపల కూర్చున్నాడు. తాళం తిప్పాడు. నాలుగోసారికి ఇంజను అందుకుంది. ఇండికేటర్ వేశాడు, హారన్ కొట్టాడు, బటన్ నొక్కాడు. తర్వాత మాలో ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా గేటు దాటి రోడ్డెక్కి వెళ్లిపోయాడు.

అతని భార్య మాకు చాయ్ తెచ్చింది. అరగంట గడిచింది. ముప్పావుగంట గడిచింది. ఆమె గేటు దగ్గరికి వెళ్లి చూసొచ్చింది, మళ్లీ వెళ్లింది. "ఫోన్ సుత ఈడ్నె ఇడ్సిపెట్టి పోయిండు. ఏడన్న ఆగిపోయిందో ఏమో. మీరన్న జర పోయి సూడుండ్రి మేడమ్."

రాజేశం లేచాడు. నేను అతన్ని కూర్చోమన్నాను. "వస్తాడమ్మా. కాసేపు తిరగనివ్వండి" అన్నాను ఆమెతో.

గంటంబావుకు కారు తిరిగొచ్చింది. ఆమె ఎదురెళ్లి కేకలేసింది. "ఏడికి పోయినవ్?"

"దుకాణం దాంక."

"ఇయ్యాల ఐతారం. దుకాణం బందు గదా?"

"బందే" అన్నాడు నరేందర్, స్టీరింగ్ మీంచి చెయ్యి తీయకుండా. "ఊకెనె పోయిన. ఎవ్వలను అడుగకుంట పోయిన."